మార్కులుండగా మళ్ళీ మదింపు ఎందుకు?

ప్రశ్న: అమెరికా యూనివర్సిటీల్లో జనరల్ ఎడ్యుకేషన్ (ఏ సబ్జెక్టు వారైనా చదవాల్సిన) కోర్సులకు మార్కులిచ్చాక కూడా విడిగా మదింపు ఎందుకు?

జవాబు: మార్కులో హాజరు, గడువు, హోంవర్కు అన్నీ కలగాపులగం. ఆధారాన్ని తూచడం విద్యార్థికి వచ్చిందా అన్నది అందులో తేలదు. కాలేజీ మొదటి రెండేళ్లలో 45 శాతం మంది విద్యార్థుల్లో విమర్శనాత్మక ఆలోచన చెప్పుకోదగ్గంతగా పెరగలేదని 2011లో రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా తమ పుస్తకంలో రాశారు. వాళ్ల లెక్కకు ఆధారం విడిగా పెట్టిన పరీక్ష. మార్కుల్లో కలవని అలాంటి పరీక్షను పిల్లలు మనసుపెట్టి రాస్తారా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 2009లో వచ్చిన వాల్యూ రూబ్రిక్‌లకు (విద్యార్థి రాతను స్థాయిలవారీగా తూచే కొలమానాలకు) కొత్త పరీక్షంటూ ఉండదు. కోర్సులో ఎలాగూ రాసిన వ్యాసాన్నే అధ్యాపకులు మళ్ళీ చదువుతారు. చదివినదాన్ని ప్రశ్నించకుండా ఎత్తిరాస్తే 1వ స్థాయి. నిపుణుల మాటను సైతం నిలదీస్తే అన్నిటికన్నా పైదైన 4వ స్థాయి. అదనపు చాకిరీ అంటారా, నిజమే. అయితే అందరి వ్యాసాలూ అక్కర్లేదు, నమూనా చాలు. ఫలితం చూశాక కూడా అసైన్‌మెంట్లు మార్చని చోట మాత్రం ఇదంతా ఫైళ్లు నింపే పనే.