బ్యాలే కండక్టర్ పియర్ మోంటో

కండక్టర్ అంటే బస్సు కండక్టర్ ఒక్కడే కాదు. బ్యాలే అంటే మాటల్లేకుండా నాట్యంతో కథ చెప్పడం. వాద్యకారులు వేదిక ముందు గుంతలో కూర్చుంటారు, వాళ్ళకు నాట్యం సరిగా కనపడదు. అటు నాట్యాన్ని, ఇటు వాద్యాలను చూస్తూ చిన్న కర్రతో తాళం చూపేవాడే కండక్టర్.

పియర్ మోంటో 1875లో పారిస్‌లో జన్మించాడు. మొదట వయోలా వాయించేవాడు. 1911లో రష్యన్ బ్యాలే బృందానికి కండక్టర్ అయ్యాడు. 1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ కొత్త బ్యాలే 'వసంత క్రతువు' ఆడారు. సంగీతం, నాట్యం రెండూ వింతగా ఉన్నాయని జనం ఒకటే గోల! నాట్యం చేసేవాళ్ళకు వాద్యాలే వినపడలేదు. మోంటో చెయ్యి మాత్రం ఆగలేదు. ప్రదర్శన చివరిదాకా నడిచింది. 1963లో, 88 ఏళ్ళ వయసులో, లండన్‌లో అదే సంగీతాన్ని మళ్ళీ నడిపించాడు. 1964లో మరణించాడు.

నేర్చుకోవలసింది: ఎంత గోలలోనైనా ఒక్కరు తాళం తప్పకపోతే పదిమంది పని ఆగదు.