కాపలా కుక్కకు భీమా: ఏది కొనదగినది?

మొన్న ఎరువుల గిడ్డంగి వద్ద మన సంఘ సభ్యుడొకడు నన్ను నిలిపి, "సారూ, బర్రెకు ఉన్నట్టు కుక్కకు గూడ భీమా ఉంటదంట గదా, నిజమేనా?" అని అడిగెను. ప్రక్కనున్నవారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఏలయన అంతకు కొలది నెలల ముందే పాల్మాకుల వైపు రైతొకడు ఈ విషయముననే మోసపోయి నాయొద్దకు వచ్చియుండెను. మోసపోయెను అనుటకంటె తెలియక నష్టపడెను అనుట న్యాయము. భీమా సంస్థ అతనిని వంచింపలేదు. కాగితముమీద వ్రాసియున్న దానినే జరిపించినది. దానిని అతడు చదువలేదు, చదివి చెప్పినవారును లేరు.

అతడు 12,000 రూపాయలు పోసి కొన్న జర్మన్ షెపర్డ్ కుక్క బెంగుళూరు రస్తాప్రక్క సర్వీసు రోడ్డుమీద లారీ తగిలి చచ్చినది. ఇంటిల్లిపాదియు ఏడ్చి, సాయంకాలమునకు దానిని బావిగట్టున వేపచెట్టు క్రింద పూడ్చిపెట్టిరి. ఐదవనాడు భీమా సంగతి జ్ఞప్తికి వచ్చి ఫోను చేసెను. శవపరీక్ష పత్రమేది, చచ్చిన కుక్క ఛాయాచిత్రములేవి, టీకాల పుస్తకమేది అని వారడిగిరి. మూడింటిలో ఒకటియు లేదు. రెండేండ్లు కట్టిన ప్రీమియమును, కుక్కయు, రెండును పోయినవి.

కుక్క భీమా దొరల వేడుకయని మనలో పలువురి తలంపు. స్వీడన్ దేశమున 1924లోనే కుక్కకు భీమా పాలసీ వ్రాసిరి. మన దేశమున ప్రభుత్వరంగ భీమా సంస్థలు పశువుల పాలసీల వరుసలోనే కుక్కల పాలసీని కూడ చాలకాలముగా నడుపుచు వచ్చినవి. కాని దానిని అడిగి తీసికొన్న రైతులు అరుదు. 2020లో బజాజ్ అలియాంజ్ సంస్థ చికిత్స ఖర్చును, ఇతరులకు కలిగిన హానిని గూడ భరించు కుక్కల పాలసీని బయటపెట్టెను. తరువాత మరికొన్ని ప్రైవేటు సంస్థలును అట్టి పాలసీలను తెచ్చినవి. కావున ఇప్పుడు "ఉన్నదా?" అను ప్రశ్న తీరినది. "ఏది కొనవలెను? అసలు కొనవలెనా?" అనునదే మిగిలినది.

మన ప్రాంతమున ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2008 మార్చిలో విమానాశ్రయము తెరువబడినది మొదలు శంషాబాదు చుట్టుప్రక్కల ఊళ్ల రూపు మారినది. సుమారు 5,500 ఎకరములు దాని ఆవరణలో చేరినవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మన పొలములను చీల్చుకొని పోయినది. మిగిలిన మడులలో కూరగాయలు, పూలతోటలు వేసికొనువారు ఊరికి దూరముగా ఒంటరి బావులవద్ద మోటార్లను, స్టార్టర్లను, రాగితీగెను కాచుకొనవలసియున్నది. ఫాంహౌసులలో కాపలాకు కుదిరినవారి చేతిలో యజమాని కుక్కలును ఉండును. 2024 ఏప్రిల్ చివర గొల్లపల్లి వైపు విమానాశ్రయపు ప్రహరీవద్ద చిరుతపులి కనబడగా, అటవీశాఖవారు బోనులు పెట్టి మే మొదటి వారమున దానిని పట్టి నల్లమలలో విడిచిరి. చిరుతకు మేకకంటె కుక్కయే సులభమైన ఎర యని గొర్లకాపరులందరు ఎరుగుదురు. రస్తాలు, చిరుతలు, పాములు, పిడుదులు, ఇన్నింటి నడుమ కాపలా కుక్క బ్రదుకుచున్నది.

బర్రెల భీమాకు అలవాటుపడిన కన్నుతో కుక్క భీమాను చూడరాదు. జాతీయ పశుసంపద మిషన్ క్రింద 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము చేసిన మార్పుచే పశువుల ప్రీమియములో రైతు వంతు నూటికి 15 మాత్రమే. మిగిలినది ప్రభుత్వములు భరించును. కుక్కకు అట్టి సహాయము లేదు, ప్రతి రూపాయియు మన చేతినుండియే పోవలెను. కావున లెక్క మరింత జాగ్రత్తగా చూడవలెను.

పాలసీలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగ కుక్క చచ్చినచో దాని వెలను ఇచ్చునది. ప్రభుత్వరంగ సంస్థల పాత పాలసీలు ఎక్కువగా ఈ తెగవే. రెండవది కుక్క బ్రదికియుండగా వైద్యునికి, ఆపరేషనుకు అగు ఖర్చును ఇచ్చునది. ఈ భేదము ఎరుగకుండుటయే సగము నష్టమునకు మూలము. వెల పాలసీలో ఇచ్చు మొత్తము కుక్క బజారు వెలనుబట్టి యుండును. లాబ్రడార్‌కు వెల కలదు. మన ఊరి దేశవాళీ కుక్కకు వెల ఏది? పొరుగువాడు ఊరకే ఇచ్చిన పిల్లను పెంచితిమి. అది మన తోటకు పదివేలకు పైగా మేలు చేయుచుండవచ్చును, కాని భీమా పుస్తకమున దానికి విలువ కట్టుట కష్టము. అట్టి కుక్కకు వెల పాలసీ తీసికొనుట డబ్బు పారవేయుటయే యని నా అభిప్రాయము. చికిత్స పాలసీ మాత్రము దేశవాళీకిని పనికివచ్చును. కాలు విరిగినప్పుడు వైద్యుని ఖర్చు జాతిని చూచి తగ్గదు గదా. దేశవాళీ, సంకరజాతి కుక్కలను చేర్చుకొను పాలసీలును కలవు. చేర్చుకొందురా లేదా యని ముందే వ్రాతమూలముగా అడుగవలెను.

తక్కువ ప్రీమియముదే చౌకయని తలచరాదు. ఒక లెక్క వేసి చూపుదును. ఇందలి అంకెలు పాఠము కొఱకు నేను కల్పించినవి, ఏ సంస్థవియు కావు. మొదటి పాలసీకి ఏటికి 1,800 రూపాయలు. చికిత్స పరిమితి 40,000. కాని ఒక్కొక్క జబ్బుకు 10,000 దాటదు, బిల్లులో నూటికి 20 యజమాని భరింపవలెను. రెండవ పాలసీకి 2,600. పరిమితి 30,000 మాత్రమే. జబ్బునకు విడి పరిమితి లేదు, యజమాని వంతు నూటికి 10. పైకి చూడగా మొదటిది 800 చౌక, పరిమితియు పెద్దది. ఇక కుక్క కాలు విరిగి ఆపరేషనుకు 22,000 బిల్లు అయినదనుకొందము. మొదటి పాలసీ 10,000 ఇచ్చి ఆగును. రైతుకు 12,000, ప్రీమియముతో కూడ 13,800 పడును. రెండవ పాలసీ 19,800 ఇచ్చును. రైతుకు 2,200, ప్రీమియముతో 4,800. ఎనిమిది వందలు మిగుల్చుకొనబోయి తొమ్మిదివేలు పోగొట్టుకొన్నట్లయినది. కావున "ఏడాదికి ఎంత?" అని అడిగిన వెంటనే "ఒక్కొక్క జబ్బుకు ఎంతవరకు? అందులో నా వంతు ఎంత? ఈ ప్రీమియములో పన్ను కలిసినదా?" అని అడుగవలెను. పెద్ద అక్షరములతో వ్రాసిన మొత్తపు పరిమితిని చూచి మురియుట, సంతలో ఎద్దు కొమ్ముల రంగు చూచి బేరమాడుట వంటిది.

పాలసీ కొన్ననాటినుండియే అన్ని జబ్బులకు డబ్బు రాదు. కొన్ని దినములు, కొన్ని జబ్బులకు అంతకంటె ఎక్కువ, నిరీక్షణ కాలముండును. జబ్బు వచ్చిన పిమ్మట పాలసీ కొనువారిని ఆపుటకే ఈ ఏర్పాటు. దానిని తప్పుపట్టలేము. వయస్సునకును హద్దు కలదు. మరీ చిన్న పిల్లలను, ఎనిమిదేండ్లు మీరిన కుక్కలను క్రొత్తగా చేర్చుకొనని పాలసీలు కలవు. పెద్దజాతి కుక్కలకు ఆ హద్దు ఇంకను తక్కువ కావచ్చును. ముసలికుక్క గలవారికి భీమాకంటె మన సంఘపు పొదుపు ఖాతాయే మేలు. నెలకు 200 వేసినచో ఐదేండ్లకు వడ్డీ గాక 12,000 అగును. అయితే పొదుపులో ఒక లోపమున్నది. మూడవ నెలలోనే లారీ తగిలినచో చేతిలో నుండునది 600. ఆకస్మికముగా వచ్చు పెద్ద దెబ్బకు భీమా, ఏటేట తెలిసివచ్చు చిన్న ఖర్చులకు పొదుపు. టీకాలకును, నులిపురుగుల మందుకును భీమా సొమ్ము వచ్చునని ఎవరును ఆశింపరాదు.

టీకాల మాట ఇచట వివరముగా చెప్పవలసియున్నది. పార్వో, డిస్టెంపర్, కామెర్లు తెచ్చు కాలేయపు జబ్బు, లెప్టోస్పైరోసిస్ మొదలగు టీకాతో ఆపదగిన జబ్బులతో, టీకా వేయింపని కుక్క చచ్చినచో సొమ్ము రాదని పాలసీలలో షరతు సామాన్యముగా ఉండును. పార్వో వచ్చిన పిల్ల నెత్తురు విరేచనములతో రెండుమూడు దినములలోనే చచ్చిపోవచ్చును. లెప్టో ఎలుకల మూత్రమునుండి మడినీటిద్వారా వచ్చును, అది మనుష్యులకును అంటుకొనును. పిల్లకు ఆరునుండి ఎనిమిది వారముల వయస్సున మొదటి సంయుక్త టీకా, ఆపై మూడునాలుగు వారములకొకసారి పదునారు వారములవరకు మరల, మూడునెలల వయస్సున రేబీస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పినట్లు ఏటేట వేయింపవలెను. టీకా పుస్తకమున నమోదైన పశువైద్యుని సంతకము, ముద్ర, మందు సీసాపై నుండు చీటీ అంటించియుండవలెను. మన ఊరి గోపాలమిత్ర మంచివాడే, కాని అతడు వేసిన సూదికి భీమా సంస్థ దృష్టిలో విలువ యుండదు.

రేబీస్ విషయమున సొమ్ము మాట కట్టిపెట్టి ప్రాణముల మాట చెప్పుకొనవలెను. లక్షణములు పొడచూపిన పిమ్మట ఈ జబ్బునుండి బ్రదికినవారు లేరనియే చెప్పవచ్చును. 1885 జులై 6న పాశ్చర్ ఒక బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించిన దినమునే జంతువులనుండి సోకు వ్యాధుల దినముగా జరుపుదురు. ఆ దినమున మన ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా రేబీస్ టీకా వేయు వాడుక కలదు. ఏ కుక్క కరచినను గాయమును పదునైదు నిముషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము, ఆకుపసరు పూయరాదు. కరచిన కుక్కను పదిదినములు కట్టివేసి కనిపెట్టవలెను గాని చంపరాదు.

కరచుటనుగూర్చియే మరియొక మాట. మన బాటలలో ఇప్పుడు సామానులు తెచ్చియిచ్చు కుర్రవారు, పరదేశపు కూలీలు, స్థలములు చూడవచ్చువారు నిత్యము తిరుగుచున్నారు. మన కుక్క ఒకరిని కరచినచో వైద్యపు ఖర్చు, నష్టపరిహారము మన మెడకు చుట్టుకొనును. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన స్వాధీనమందలి జంతువువలన అపాయము కలుగకుండ జాగ్రత్తపడనివానికి ఆరునెలలవరకు ఖైదు గాని, 5,000 రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇతరులకు కలిగిన హానికి పరిహారము భరించు భాగము పాలసీలో నున్నచో అది పరిహారమును ఇచ్చును. జుల్మానాను మాత్రము ఇవ్వదు. రస్తాప్రక్క తోటలున్నవారికి నా దృష్టిలో ఈ భాగము కుక్క వెలకంటె ముఖ్యము. ఏజెంట్లు దీనిని చివర మెల్లగా చెప్పుదురు, లేదా అసలే చెప్పరు.

పాముకాటు, అడవిజంతువుల దాడి, విషము తినుట, ఈ మూడును ప్రమాదము క్రింద లెక్కకు వచ్చునా యని తప్పక అడుగవలెను. మన బావులవద్ద కుక్కలు పడు పాట్లు ఇవియే. పిడుదుల జ్వరము జబ్బు గాని ప్రమాదము కాదు. ప్రమాదములకు మాత్రమే డబ్బిచ్చు చౌక పాలసీలో దానికి చిల్లిగవ్వ రాదు. దొంగిలింపబడిన కుక్కకు డబ్బిచ్చు భాగమున్నను పోలీసువారికి ఫిర్యాదు చేసిన ప్రతి కావలెను. గొలుసు తెంపుకొని పోయినది దొంగతనము క్రిందికి రాదు.

గుర్తింపు బర్రెకు చెవిబిళ్లతో తీరును. కుక్కకు చర్మము క్రింద బియ్యపుగింజయంత చిప్పు వేయుట గట్టి గుర్తు. అది లేనిచో నాలుగు వైపుల ఛాయాచిత్రములు, మచ్చల వర్ణన ఈయవలెను. పాలసీలోని కుక్కయు చచ్చిన కుక్కయు ఒకటేనా యను సందేహముతోనే చిక్కులన్నియు ప్రారంభమగును.

కుక్క చచ్చినప్పుడు దుఃఖములో ఇవి మరచిపోవుట సహజము. కావున ఇంటిలో అందరికిని ముందే చెప్పియుంచవలెను. సంస్థకు అదే దినమున ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. శవమును పూడ్చకముందే పశువైద్యునిచే పరీక్ష చేయించి పత్రము పుచ్చుకొనవలెను. ఛాయాచిత్రములు తీయవలెను. బిల్లులు అసలువి దాచవలెను.

సంస్థ న్యాయముగా రావలసినదానిని నిరాకరించినచో చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. మొదట ఆ సంస్థకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. దేశపు భీమా సంస్థలన్నింటిమీద అధికారము గల నియంత్రణ ప్రాధికార సంస్థ ముఖ్య కార్యాలయము మన హైదరాబాదులోనే కలదు. దాని ఉచిత ఫోను 155255. నెలదినములలో సంస్థనుండి సరియైన జవాబు రానిచో భీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చును. వారి కార్యాలయమును హైదరాబాదులో నున్నది. రుసుము లేదు, వకీలును పెట్టుకొననక్కరలేదు.

పాల్మాకుల వైపు రైతు ఈ ఏడు మరియొక పిల్లను తెచ్చుకొనెను. ఈసారి దేశవాళీదే, డబ్బు పెట్టి కొనలేదు. దాని టీకా పుస్తకమును, పాలసీ కాగితమును పట్టాదారు పాసు పుస్తకముతో కలిపి ఒకే ప్లాస్టికు సంచిలో కట్టి దూలమునకు వ్రేలాడదీసియున్నాడు. మొన్న నేను పోయినప్పుడు సంచి విప్పి, "ఇగ చూడు సారూ, అన్ని ముద్రలు ఉన్నయి" అని ఒక్కొక్కటే చూపెను. మూడవ టీకాకు ఇంకను పదిదినముల గడువున్నది.