సందేహాలు - సమాధానాలు: ఊళ్లోకి గని వస్తుందట, డబ్బు మనదట!

ప్రశ్న: మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. వాటి బాండు మీద అప్పు తెచ్చి రెండు లక్షలు ఇమ్మని మా బంధువు ఒకాయన వెంటపడుతున్నాడు. ఒక చిన్న గనుల కంపెనీ రోడ్డు, కరెంటు లైను వేసుకోవడానికట. నెలకు రెండు రూపాయల వడ్డీ, ప్రోనోటు రాసిస్తారట. కాదంటే చుట్టరికం చెడుతుందేమో!
– రైతు, చిలకలూరిపేట

జవాబు: డబ్బు ఇంకా మీ చేతుల్లోనే ఉంది కాబట్టి కంగారు పడకండి. జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవాలంటే కంపెనీకి 100 కోట్ల నికర ఆస్తి గానీ, 500 కోట్ల టర్నోవరు గానీ ఉండాలి. అంత ఉన్నా వడ్డీ ఏడాదికి 12.5 శాతం దాటకూడదు. మీ బంధువు చెబుతున్నది 24. ఇంకా తవ్వకమే మొదలుకాని కంపెనీకి నెలనెలా రాబడి ఎక్కడిది? మీ తర్వాత కట్టేవాళ్ల డబ్బే మీకు వడ్డీగా వస్తుంది, వచ్చినన్నాళ్లు. గుంటూరు వైపు వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? జనం డిపాజిట్లు తిరిగివ్వలేకపోయిన అగ్రిగోల్డ్‌ కంపెనీలో పదివేల లోపు కట్టినవాళ్లకు 2019 నవంబరులో గుంటూరులోనే రాష్ట్ర ప్రభుత్వం తన డబ్బు పంచాల్సి వచ్చింది. బంధువుతో గొడవ పడకండి. కంపెనీ బ్యాలెన్స్ షీటు, డిపాజిట్లకున్న అనుమతి కాగితం తెమ్మనండి, చాలు.

ప్రశ్న: గని కోసం పెట్టిన మీటింగులో అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. కంపెనీకి ఊరి మద్దతు ఉందని బ్యాంకుకు చూపిస్తారట. అప్పు తీర్చకపోతే నా మూడెకరాల పత్తి చేను జప్తు చేస్తారా? నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, చీమకుర్తి దగ్గర పల్లె

జవాబు: నిశ్చింతగా పడుకోండమ్మా, హాజరు పుస్తకంలో సంతకంతో ఎవరి చేనూ పోదు. మీరు వెళ్లింది ప్రజాభిప్రాయ సేకరణ, అంటే పబ్లిక్ హియరింగ్ అయి ఉంటుంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందే పేపర్లో ప్రకటించి, కలెక్టరో ఆయన తరఫు పెద్ద అధికారో కూర్చుని, వీడియో తీయిస్తూ జరపాలి. సాధారణంగా పర్యావరణ అనుమతి చేతికొస్తేనే బ్యాంకు అప్పు ఇస్తుంది, అందుకే కంపెనీకి మీ ఊరి మాట మీద అంత ఆశ. ఎవరైనా ఇంటికొచ్చి స్టాంపు పేపరు మీద గానీ, తెల్లకాగితం మీద గానీ సంతకం చేయించుకుని ఉంటేనే కంగారు పడాలి. అలా జరిగితే పాస్‌బుక్కు తీసుకుని వెంటనే ఒక వకీలును కలవండి.

ప్రశ్న: గనుల నిధితో కంపెనీకి రోడ్డు వేస్తామంటున్నారు. మాకు తాగునీళ్లే సరిగా రావు.
– వార్డు మెంబరు, బల్లికురవ

జవాబు: మీ కోపం న్యాయమైనదే, దారి కూడా ఉంది. జిల్లా ఖనిజ నిధి 2015 నుంచి గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసమే ఉంది. 2024 కేంద్ర మార్గదర్శకాల్లో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటి అవసరాలకే పెట్టాలని ఉంది. రోడ్లు మిగతా భాగంలోకి వస్తాయి. మీ బస్సు, మీ బండి తిరిగే రోడ్డయితే వేయనివ్వండి; గని గేటు దగ్గర ఆగిపోయే రోడ్డయితే గ్రామసభలో అభ్యంతరం రాయించండి.

ప్రశ్న: బంగారం వెతికే కంపెనీ షేర్లు కొన్నాను, సగానికి పడ్డాయి. ఇప్పుడు రైట్స్ ఇష్యూకి ఇంకా డబ్బు కట్టాలట. కట్టకపోతే ఉన్నవి కూడా పోతాయా?
– రిటైర్డ్ టీచరు, ఒంగోలు

జవాబు: పోవు మాస్టారూ. కట్టకపోతే కంపెనీలో మీ వాటా కాస్త పలచబడుతుంది, అంతే. ఆ హక్కును గడువులోగా మార్కెట్లో అమ్ముకోవచ్చు కూడా. ఇలాంటి కంపెనీలకు రాబడి రావడానికి ఏళ్లు పట్టడం మామూలే: కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గనికి 2013లో లీజు వచ్చాక అన్వేషణకే ఎనిమిది, పదేళ్లు పట్టింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఖాతాకు కట్టమంటే మాత్రం అది రైట్స్ కాదు, మోసం. సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయండి.