పొలం మోటారు చెప్పిన పాఠం

మా ఇంట్లో డిగ్రీ పట్టా మాదే మొదటిది. దొర్నిపాడు నుంచి వెళ్లి ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకునేనాటికి మాకు తెలిసిన కరెంటల్లా పొలం మోటారే. మేము పదో తరగతిలో ఉండగా ఒక రాత్రి ఒక ఫేజు పోయింది. మోటారు ఆగలేదు, తెల్లారేసరికి కాలిపోయింది. రీవైండింగుకు నాన్న అప్పు చేశారు.

కారణం రెండో ఏడాది మెషిన్స్ సబ్జెక్టులో దొరికింది. 415 వోల్టుల మూడు ఫేజులు 120 డిగ్రీల తేడాతో వస్తేనే స్టేటరులో తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఒకటి పోతే, ఆగి ఉన్న మోటారు మూలుగుతుందే గాని తిరగదు. తిరుగుతున్నది మాత్రం అదే బరువును లాగుతూ, మిగిలిన రెండు వైర్లలో దాదాపు 1.73 రెట్లు కరెంటు తీసుకుంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సుమారు మూడు రెట్లు! ఇన్సులేషన్ ఎంతసేపు ఆగుతుంది?

ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు వదిలేయకండి, ఏ.సి. సర్క్యూట్లన్నీ వాటితోనే. అక్కడ 'ఐ' అంటే కరెంటు, అందుకే మైనస్ ఒకటి వర్గమూలాన్ని 'జె' అంటారు. ఇది తెలియడానికే మాకు వారం పట్టింది. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు.

అన్నట్టు, ఓవర్‌లోడ్ రిలే ఉంటే ఆ మోటారు ఆగేది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించింది మేమే. నాన్నకు ఇంకా చెప్పలేదు.