పైడమ్మ, సన్యాసి విశాఖ వెళ్ళారు

పైడమ్మది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. భర్త పేరు సన్యాసి. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. ఎకరం పొలం ఉంది. పొలం పని లేని రోజుల్లో ఇద్దరూ కూలికి వెళతారు.

ఈ పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఊరు దాటిన రోజులు వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. ఒకసారి సింహాచలం వెళ్ళారు. అప్పుడు ఊళ్ళో సగం మంది వెంట ఉన్నారు. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళారు. విజయనగరంలో పైడితల్లమ్మ పండుగకు ఏటా వెళతారు. అక్కడ ఆడవాళ్ళు ఒక గుంపు, మగవాళ్ళు ఒక గుంపు. ఇద్దరూ పక్కపక్కన నడిచింది లేదు.

ఈసారి వరి బాగా పండింది. సంక్రాంతి వెళ్ళిన వారం సన్యాసే అడిగాడు.

"పైడీ, ఓ రోజు విశాఖపట్నం ఎల్దామా? సముద్రం చూసొద్దాం."

సముద్రం వాళ్ళ ఊరికి ఎంతో దూరం కాదు. అయినా పైడమ్మ ఎప్పుడూ చూడలేదు. చూడాలని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

అత్త నవ్వింది. "కొత్త పెళ్ళికూతురివేటి, ఊళ్ళు తిరగడానికి?" అంది. మళ్ళీ తనే, "ఎల్లండి. పిల్లల్ని నాను చూస్తాను. బేగి వచ్చీండి" అంది. ఆవిడ కూడా తన రోజుల్లో ఎక్కడికీ వెళ్ళలేదు.

పైడమ్మ తెల్లవారుజామున లేచి పులిహోర చేసింది. రెండు సీసాల్లో నీళ్ళు పోసింది. పక్కింటి వాళ్ళ ఫోన్ నంబరు రెండు కాగితాల మీద రాసింది. ఒకటి తన సంచిలో, ఒకటి సన్యాసి జేబులో పెట్టింది. జనంలో తప్పిపోతే ఎలా? సెల్‌ఫోన్ ఉంది గాని, అందులో చార్జింగ్ సాయంత్రం దాకా నిలవదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పైడమ్మ ఏడాదిగా రాత్రి బడికి వెళుతోంది. నిదానంగా చదువుతుంది. ఒత్తులు వస్తే ఆగుతుంది. సన్యాసికి అక్షరం రాదు. రమ్మంటే "ఈ వయసులో నాకు పలకేటి?" అంటాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో కాసేపు ఎడమొహం పెడమొహమే.

విజయనగరంలో ప్యాసింజరు రైలు ఎక్కారు. విశాఖ అక్కడికి సుమారు 60 కిలోమీటర్లు. ప్రతి స్టేషన్లోనూ ప్లాట్‌ఫారం చివర పసుపు రంగు బోర్డు ఉంటుంది. దాని మీద నల్లని అక్షరాలతో ఊరి పేరు రాసి ఉంటుంది. పైడమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బోర్డు దాటిపోయేలోగా చదవాలని చూసింది. కొన్ని చదివింది. కొన్ని చదివేలోగా రైలు కదిలిపోయింది. సన్యాసి ఏమీ అనలేదు. బీడీ తాగుదామని చూశాడు. రైల్లో తాగకూడదని ఎవరో చెప్పారు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

విశాఖలో దిగి సిటీ బస్సు ఎక్కారు. కండక్టరు పైడమ్మ ఆధార్ కార్డు చూసి టికెట్ ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అన్ని బస్సుల్లోనూ కాదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల వంటి వాటిలో ఉంది. టికెట్ మాత్రం తీసుకోవాలి. పైడమ్మ తన టికెట్ మీద సున్నా చూసింది. సన్యాసి టికెట్ మీద అంకె చూసింది. "నీకే ఖర్చు" అంది. సన్యాసి నవ్వాడు.

ముందు కైలాసగిరికి వెళ్ళారు. అది సముద్రం పక్కనే ఉన్న కొండ. పైకి రోడ్డు ఉంది. మెట్లున్నాయి. తీగ మీద వేలాడుతూ వెళ్ళే పెట్టెలు కూడా ఉన్నాయి. దాన్ని రోప్‌వే అంటారు. టికెట్ ధర బోర్డు మీద రాసి ఉంది. ఇంతవరకూ సన్యాసి ఎక్కడైనా నోటు ఇస్తాడు, ఇచ్చిన చిల్లర జేబులో వేసుకుంటాడు. ఈసారి పైడమ్మ ధర చదివింది. చిల్లర లెక్క పెట్టింది. సరిపోయింది.

పెట్టె గాలిలోకి లేవగానే ఆమె సన్యాసి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన చుట్టూ చూశాడు. తెలిసినవాళ్ళెవరూ లేరు. చెయ్యి వదిలించుకోలేదు.

కొండ మీద శివపార్వతుల పెద్ద విగ్రహాలున్నాయి. తెల్లగా, 40 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. "చూశావా మావా! ఆయన కూడా ఆవిడ్ని పక్కనే కూచోబెట్టుకున్నాడు" అంది పైడమ్మ.

అక్కడి నుంచి సముద్రం కనిపించింది. పైడమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చెరువుకు అవతల గట్టు ఉంటుంది. దీనికి లేదు. దూరంగా ఓడలు ఆగి ఉన్నాయి. రేవులో చోటు దొరికే దాకా ఓడలు అలా లంగరు వేసుకుని ఆగుతాయి. విశాఖ రేవు 1933లో మొదలైంది. రేవు పక్కన ఒక కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. దాన్ని డాల్ఫిన్ నోస్ అంటారు. డాల్ఫిన్ అనే సముద్ర జంతువు ముక్కులా ఉంటుందని ఆ పేరు. ఆ కొండ గాలిని, అలలను అడ్డుకుంటుంది. రేవుకు అది పెద్ద అండ.

పై నుంచి చూస్తే ఒడ్డు వెంట తెల్లని నురుగు గీతలా కనిపించింది. కొన్ని చోట్ల ఆ గీత తెగి ఉంది. అక్కడ నురుగు లేదు. నీళ్ళు నల్లగా, నెమ్మదిగా ఉన్నాయి. "అక్కడ బాగుంది. మన చెరువులాగుంది" అన్నాడు సన్యాసి.

పులిహోర తిని రామకృష్ణా బీచికి వచ్చారు. అక్కడ ఇసుక మీద ఒక జలాంతర్గామి ఉంది. అంటే నీటి లోపల తిరిగే ఓడ. దాని పేరు కురుసుర. రష్యా వాళ్ళు కట్టారు. అప్పట్లో ఆ దేశాన్ని సోవియట్ యూనియన్ అనేవారు. 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పని చేసింది. 2001లో పని మానింది. 2002లో దాన్ని ఒడ్డుకు లాగి, జనం చూడడానికి తెరిచారు. పొడవు 91 మీటర్లు.

లోపల వంగి నడవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కన్నంలోంచి దూరాలి. పైడమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. ఇందులో సుమారు 75 మంది మగవాళ్ళు రోజుల తరబడి ఉండేవారట. ఒకరి మీద ఒకరికి పడకలు. చూపించే ఆయన నౌకాదళంలో పని చేసి రిటైరైన మనిషి. ఆయన గొట్టాల గురించి, బాంబుల గురించి చెబుతున్నాడు. పైడమ్మ అడిగింది.

"బాబూ, ఇంతమందికి వంట ఎక్కడ?"

ఆయన సంతోషపడ్డాడు. "ఇదిగోనమ్మా" అని చిన్న వంటగది చూపించాడు. మన ఇళ్ళల్లో పొయ్యి ఉండే మూల కూడా అంతకంటే పెద్దదే.

"ఇంత ఇనుము ఎలా తేలుతుంది? ఎలా మునుగుతుంది?" అని సన్యాసి అడిగాడు. ఆయన ఇలా చెప్పాడు. ఖాళీ బిందె బావిలో వేస్తే తేలుతుంది. నీళ్ళు నిండితే మునుగుతుంది. ఇదీ అంతే. దీనికి పక్కల పెద్ద తొట్లు ఉంటాయి. మునగాలంటే వాటిలోకి సముద్రపు నీరు వదులుతారు. తేలాలంటే గాలిని గట్టిగా కొట్టి ఆ నీటిని బయటికి తోస్తారు. నీటి పైన డీజిలు ఇంజన్లు నడుస్తాయి. నీటి లోపల వాటికి గాలి అందదు. అందుకని బ్యాటరీలతో నడుపుతారు.

బయటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. బీచిలో జనం నిండారు. మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్నారు. సన్యాసి అలల దగ్గరికి నడిచాడు.

"ఇంత దూరం వచ్చి మునక్కుండా ఎల్తామా? బట్టలు పట్టుకో" అన్నాడు. సన్యాసి ఊరి చెరువులో ఈత నేర్చినవాడు. చెరువుకు అడ్డంగా ఈదేస్తాడు.

అక్కడ ఒక బోర్డు ఉంది. పైడమ్మ ఆగి చదవసాగింది. "స..ము..ద్ర.. స్నా..నం.. ప్ర.." అక్కడ ఆగింది. 'ప'కి ర వత్తు. మళ్ళీ మొదలుపెట్టింది. "ప్రమాదకరం."

"మావా, దిగొద్దట. ప్రమాదమని రాశారు."

"బోర్డులు అలాగే రాస్తారు. అంతమంది దిగారు, కనపడలేదా?"

"దిగినోళ్ళు చదివారో లేదో!"

ఆ మాట సన్యాసికి తగిలింది. "నీకు చదువొచ్చని నాకు చెప్తన్నావా?" అన్నాడు. పైడమ్మ నోరు మూసుకుంది. ఆయన్ని ఇలా అడ్డుకోవడం ఆమెకు అలవాటు లేదు. కానీ చొక్కా అందుకోవడానికి చెయ్యి చాపలేదు. సన్యాసి చొక్కా ఇసుక మీద పడేసి వెళ్ళాడు.

అలలు విరుగుతున్న చోట ఆయన దిగలేదు. నురుగు లేని చోటు చూసుకున్నాడు. అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి. తొడల లోతుకు వెళ్ళాడు.

మురీ మిక్చరు అమ్మే ముసలమ్మ గంప వదిలి లేచింది. "ఓ బాబూ! అటు కాదు! రా, రా!" అని అరిచింది. దూరంగా ఎవరో ఈల ఊదారు.

సన్యాసి వెనక్కి తిరిగాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఒడ్డు వైపు అడుగు వేస్తే అడుగు పడలేదు. నీళ్ళు లోపలికి లాగాయి. పైడమ్మ నీళ్ళలోకి పరిగెత్తబోయింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. "పక్కకి! పక్కకి నడువు!" అని అరిచింది. సన్యాసి పక్కకు, అలలు విరుగుతున్న వైపు జరిగాడు. ఒక అల వచ్చి ఆయన్ని ఒడ్డు వైపు తోసింది. మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు.

ఆయన ముఖంలో నెత్తురు లేదు. పైడమ్మ చొక్కా దులిపి ఇచ్చింది. ఏమీ అనలేదు. ఆమె చేతులు వణుకుతున్నాయి.

ముసలమ్మ చెప్పింది. "అలలున్న చోట భయపడతారు. అలలు లేని చోట దిగుతారు. లాగేది అక్కడే నాయనా."

అది నిజం. అలలు ఒక్కొక్కటిగా నీటిని ఒడ్డుకు తోస్తాయి. ఆ నీరంతా వెనక్కి పోవాలి. సముద్రం అడుగున ఇసుక గట్లు ఉంటాయి. గట్టు తెగిన చోట దారి దొరుకుతుంది. నీరంతా ఆ దారిలో పడి, కాలవలా జోరుగా లోపలికి పోతుంది. ఆ చోట లోతు ఎక్కువ. అందుకని అక్కడ అలలు విరగవు. పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. ఉదయం కైలాసగిరి మీద నుంచి వాళ్ళు చూసింది అవే చోట్లు. అవి ఒకే చోట ఉండవు. ఇసుక కదిలితే అవీ మారతాయి.

చెరువులో నీరు నిలిచి ఉంటుంది. చెరువులో ఈత వచ్చినవాడు సముద్రంలో ఒడ్డు కేసి ఎదురీదుతాడు. అలిసిపోతాడు. మునిగేది అలిసిపోయే. లాగుడులో చిక్కుకుంటే ఎదురీదకూడదు. ఒడ్డు వెంట పక్కకు ఈదాలి. లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు కంగారుగా దూకకూడదు. అలా దూకి పోయినవాళ్ళు చాలామంది. తాడు గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని విసరాలి. 112కి ఫోన్ చెయ్యాలి. అక్కడి రక్షకులను, పోలీసులను పిలవాలి. పిల్లలను చీలమండ లోతు దాటి వెళ్ళనివ్వకూడదు.

ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. ముసలమ్మ దగ్గర రెండు పొట్లాలు కొన్నారు. చాలాసేపటికి సన్యాసి అడిగాడు.

"ఆ బోర్డు మీదేటుందో మళ్ళీ చదువు."

పైడమ్మ చదివింది. ఈసారి ఆగలేదు.

"మొదటిది ఏ అక్షరం?"

"స. సముద్రంలో స."

ఆమె తడి ఇసుక మీద వేలితో రాసింది. సన్యాసి పక్కన రాశాడు. వంకరగా వచ్చింది. ఇంకోసారి రాశాడు.

పొద్దు పోయాక రైలెక్కారు. పైడమ్మ కునుకు తీసింది. కొత్తవలసలో రైలు ఆగింది. దీపం వెలుగులో పసుపు బోర్డు కనిపించింది. సన్యాసి ఆమెను తట్టి లేపాడు.

"పైడీ, చివర్న ఉన్నది స గదా?"

పైడమ్మ కళ్ళు నులుముకుని చూసింది. "స. నీ పేర్లో మొదటిది కూడా అదే" అంది.

"మరి మిగతావి ఎలా రాస్తారు?" అన్నాడు సన్యాసి.

మాట్లాడుకుందాం

మీ ఊరి చెరువులో, కాలవలో, ఏటిలో లోతైన చోట్లు ఎక్కడ ఉన్నాయి? అవి పిల్లలకు తెలుసా? అక్కడ బోర్డు ఉందా? లేకపోతే ఏమని రాయాలో మీ గుంపులో మాట్లాడుకోండి. పెద్ద అక్షరాలతో పలక మీద రాయండి.

మీరు, మీ ఇంటాయన కలిసి ఎప్పుడైనా ఊరు చూడడానికి వెళ్ళారా? ఎక్కడికి? నాలుగు మాటలు రాయండి.