పగ్ కుక్క ఎందుకు గురక పెడుతుంది?

మునిర్కా డి.డి.ఏ. ఫ్లాట్లలో మా పై అంతస్తు ఆంటీ గారింట్లో మోతీ అనే పగ్ కుక్క ఉంది. దాని గురక మెట్ల మీదికి కూడా వినిపిస్తుంది. పిల్లలమంతా నవ్వుకునేవాళ్ళం. పోయిన మే నెలలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికే దాన్ని నడకకు తీసుకెళ్ళాం. గేటు దగ్గరే కూలబడింది. నాలుక నీలంగా మారింది. పశువైద్యుడు సమయానికి చూడబట్టి బతికింది. ఆ రోజు ఆయన చెప్పిన విషయాలు మీకూ చెబుతాను.

పగ్ ముఖం చదునుగా ఉంటుంది. ముక్కు ఎముక పొట్టిదైనా, లోపలి అంగిలి, నాలుక ఆ మేరకు చిన్నవి కాలేదు. ముక్కు రంధ్రాలు ఇరుకు. అంగిలి వెనుక భాగం గాలి వెళ్ళే దారికి అడ్డం పడుతుంది. గురక అందుకే వస్తుంది.

కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అవి రొప్పుతాయి. అప్పుడు నాలుక మీది తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. పగ్ ఎంత గట్టిగా రొప్పితే గొంతు అంత వాస్తుంది, గాలి ఇంకా తగ్గుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఎండదెబ్బ తగిలి 104 దాటితే ప్రమాదం.

మిగతా ఇబ్బందులు కూడా ముఖాన్ని బట్టే వస్తాయి. కళ్ళు బయటికి ఉబ్బి ఉండటం వల్ల తేలికగా గీసుకుపోయి పుండ్లు పడతాయి. ముఖం ముడతల్లో తడి నిలిచి చర్మవ్యాధులు వస్తాయి. చిన్న దవడలో 42 పళ్ళు ఇరుక్కుని ఉంటాయి.

ఈ ముఖం ఎలా వచ్చింది? మనుషులే పొట్టి ముక్కు కుక్కలను ఎంచుకుని తరతరాలుగా పెంచారు. విలియం హోగార్త్ 1745లో తన పగ్‌తో కలిపి గీసుకున్న చిత్రంలో దాని మూతి ఇప్పటి పగ్‌ల కన్నా పొడవుగా ఉంది. మన దేశంలో 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక అబ్బాయి వెంట నడిచిన పగ్‌ను చూసి చాలామంది ఈ జాతిని కొనుక్కున్నారు.

మీ ఇంట్లో పగ్ ఉంటే ఇవి పాటించండి:

1. వేసవిలో తెల్లవారుజామున, రాత్రి మాత్రమే నడిపించండి.
2. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడండి.
3. ముఖం ముడతలను రోజూ తుడిచి ఆరబెట్టండి.
4. లావెక్కనివ్వకండి. గొంతు చుట్టూ కొవ్వు చేరితే ఊపిరి ఇంకా కష్టమవుతుంది.
5. ఎండదెబ్బ తగిలితే నీడకు చేర్చి, ఒంటిమీద మామూలు నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి.

కొత్తగా కుక్కను పెంచుకోవాలనుకుంటే మన వీధి కుక్కపిల్లను తెచ్చుకోవచ్చు. పొడవాటి మూతి ఉన్న ఆ కుక్క ఢిల్లీ ఎండను పగ్ కన్నా బాగా తట్టుకుంటుంది.

మోతీ ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యాకే కిందికి దిగుతుంది. దాని గురక వినిపిస్తే మేము నవ్వడం మానేశాం. ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చూస్తున్నాం.