తామర – గబ్బిలం: ఒక పోలిక



తామర కనిపిస్తే కోసుకుంటాం. గబ్బిలం కనిపిస్తే రాయి విసురుతాం. ఒకటి చెరువులో పెరిగే మొక్క, రెండవది చెట్టుకు తలక్రిందులుగా వేలాడే క్షీరదం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుదాం.

తామర శాస్త్రీయ నామం నెలంబో న్యూసిఫెరా. దీని దుంప బురదలో ఉంటుంది. అక్కడ గాలి ఆడదు కనుక, ఆకు తీసుకొన్న గాలి కాడలోని సన్నని గొట్టాల గుండా దుంపకు చేరుతుంది. ఆకుపై మైనం పూసిన సూక్ష్మమైన బొడిపెలుంటాయి. అందుకే నీటిబొట్టు నిలవక దుమ్ముతో సహా జారిపోతుంది.

మన ఊళ్లలో కనిపించే పెద్ద గబ్బిలం టెరోపస్ మీడియస్. చేతివేళ్ల మధ్య సాగిన చర్మమే దాని రెక్క. చాస్తే మీటరు దాటుతుంది. నిజంగా ఎగరగల క్షీరదాలు గబ్బిలాలే. పురుగులు తినే చిన్న గబ్బిలాలు ప్రతిధ్వనితో వేటాడతాయి. ఇది మాత్రం చూపుతో, వాసనతో పండ్లు వెతుక్కుంటుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది.

పోలికలు: గబ్బిలం వేడి రక్తపు జంతువు. తామర పువ్వు కూడా బయట చలిగా ఉన్నా తనకు తానే వేడి పుట్టించుకొని, కొద్ది రోజులు సుమారు 30 నుండి 35 డిగ్రీల వద్ద ఉంటుంది. మొక్కల్లో ఇది అరుదు. చైనాలో దొరికిన సుమారు 1300 ఏళ్లనాటి తామర గింజ మొలకెత్తింది. తామర గింజ కాలాన్ని దాటితే, గబ్బిలం మోసిన మర్రి, రావి గింజలు దూరాన్ని దాటుతాయి.

జాగ్రత్త: గబ్బిలాన్ని చేతితో తాకరాదు. అది కొరికిన పండు తినరాదు. నిపా వంటి వ్యాధులు సోకవచ్చు. అంతమాత్రాన చంపనక్కరలేదు.

1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో పాటు హానికర ప్రాణుల జాబితాలో చేర్చింది. 2022 సవరణ ఆ జాబితానే తీసివేసింది. ఈ యాభై ఏళ్లలో గబ్బిలం మారలేదు, మన తెలివి మారింది.

మన పల్నాడులోని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యం వెలువరించారు. గుడిలోకి రానివ్వని పేదవాడు, గుడిలోకి ఎగిరిపోగల గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన గోడు చెప్పి పంపుతాడు. తామర కూడా గుడికి పోతుంది. ఏ బురదలో పుట్టావని దాన్ని ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం ఏ వాడ నుండి వచ్చారని అడుగుతారు.

కాబట్టి మిత్రులారా! దేనికైనా, ఎవరికైనా పేరు పెట్టేముందు చదివి తెలుసుకొందాం.